తేలికైన సిస్టమ్‌కి బరువైన సాఫ్ట్‌వేర్ సెంటర్

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల సందుల్లో జిరాక్స్, డీటీపీ పనులు చేసుకునే చోట్ల పదేళ్లు దాటిన సిస్టమ్‌లు ఇంకా కనిపిస్తాయి. 2 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్ కావాలి కాబట్టి అది వీటి మీద ఎక్కదు. ఇక మిగిలిన దారి, విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్‌లో లుబుంటు లాంటి తేలికపాటి రకం. ఎక్కించాక అది బాగానే నడుస్తుంది. చిక్కంతా దాంట్లో కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకోవాల్సి వచ్చినప్పుడే.

ఉద్దానంలో ఒక ఊరి గ్రంథాలయానికి ఎవరో ఇచ్చిన పాత సిస్టమ్‌లో నేనే లినక్స్ వేశాను. తెలుగు టైపింగ్‌కి కావలసిన ఫాంట్ల కోసం సాఫ్ట్‌వేర్ సెంటర్ (ఫోన్‌లో ప్లే స్టోర్ లాంటిది) తెరిచాను. బొమ్మలు ఒక్కొక్కటే వస్తున్నాయి, హార్డ్ డిస్క్ గరగరమంటోంది, మౌస్ కదలడం లేదు. "ఏటి బాబూ, మళ్లీ బిగుసుకుపోనాదేటి?" అని అక్కడి పెద్దాయన అడిగారు. బ్రౌజర్‌లో నాలుగు పేజీలు తెరిచినా తొణకని సిస్టమ్, సాఫ్ట్‌వేర్ వేసే కిటికీ తెరవగానే కూలబడింది. ఎందుకలా అయిందో తెలియాలంటే ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1993లో ఇయాన్ మర్డాక్ డెబియన్ అనే లినక్స్ రకాన్ని మొదలుపెట్టారు. ఉబుంటు, దాని తేలిక రూపమైన లుబుంటు దీని మీద కట్టినవే. అప్పట్లో ఒక ప్యాకేజీ, అంటే మూటకట్టిన సాఫ్ట్‌వేర్, వేయబోతే అది ఇంకో నాలుగు కావాలనేది, ఆ నాలుగూ మరికొన్ని అడిగేవి. వాటన్నిటినీ మనిషే వెతికి, వరుస తప్పకుండా వేయాలి. ఆ బాధ తీర్చింది ఏపీటీ అనే సాధనం. 1999 మార్చిలో వచ్చిన డెబియన్ 2.1తో అది జనం చేతికి అందింది. పేరు చెబితే చాలు, కావలసినవన్నీ అదే తెచ్చి వేస్తుంది. ఈ పునాది ఈనాటికీ గట్టిగానే ఉంది. ఉద్దానంలో ఆగిపోయింది ఏపీటీ కాదు, దాని మీద కట్టిన పై అంతస్తు.

ఆ పై అంతస్తుల్లో తొలినాటిది సినాప్టిక్. బ్రెజిల్‌లోని కనెక్టివా కంపెనీలో అల్ఫ్రెడో కోజిమా 2001లో మొదలుపెట్టారు. పేర్ల జాబితా, పక్కన టిక్కు పెట్టే గడి, కింద వివరం, అంతే. చూడ్డానికి అందంగా ఉండదు, కొత్తవాళ్లకు భయం పుట్టిస్తుంది కూడా. అందుకే 2009 అక్టోబరులో ఉబుంటు 9.10తో ఉబుంటు సాఫ్ట్‌వేర్ సెంటర్ వచ్చింది. బొమ్మలు, విభాగాలు, తర్వాత రేటింగులు, జనం రాసే అభిప్రాయాలు చేరాయి. ఆ ఆలోచన మంచిదే. ప్యాకేజీ పేరు తెలియని మనిషి కూడా 'ఆఫీసు పనులు' అన్నచోట వెతికి తనకు కావలసింది పట్టుకోగలడు. కానీ ఆ హంగులన్నిటికీ ర్యామ్ కావాలి, నెట్ కావాలి.

ఈ ఇబ్బంది లుబుంటు వాళ్లకు ముందే తెలిసింది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 12.04లో వాళ్లు సొంతంగా ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సెంటర్ పెట్టారు. కావలసినవన్నీ ఒక బుట్టలో వేసుకుని, చివర్లో ఒకేసారి ఎక్కించుకోవచ్చు. నెట్ వచ్చిపోయే ఊళ్లకు సరిగ్గా సరిపోయే పద్ధతి అది. నా దృష్టిలో అసలు పట్టుకుని మెరుగుపరచాల్సింది దాన్నే. కానీ అది నిలవలేదు. 2018 అక్టోబరులో లుబుంటు ఎల్ఎక్స్‌క్యూటీ డెస్క్‌టాప్‌కి మారేసరికి, కేడీఈ అనే మరో డెస్క్‌టాప్ వాళ్ల సాఫ్ట్‌వేర్ సెంటర్ డిస్కవర్, దానికి తోడు మ్యువాన్ వచ్చాయి. మ్యువాన్ సినాప్టిక్ బాటలోదే. డిస్కవర్ పెద్ద సిస్టమ్‌లకు చక్కగా ఉంటుంది.

ఈలోగా జాబితా కూడా పెరిగింది. డెబియన్ 2.1లో ప్యాకేజీలు సుమారు 2,250. 2023లో వచ్చిన డెబియన్ 12లో 64,419. ఆ పైన స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ అనే కొత్త రకం ప్యాకేజీలు వచ్చాయి. వీటిలో సాఫ్ట్‌వేర్ తనకు కావలసిన సరంజామాలో చాలాభాగం వెంట తెచ్చుకుంటుంది. దానివల్ల దాదాపు ఏ లినక్స్‌లోనైనా నడుస్తుంది, నిజమే. కానీ ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే చోట ఒక చిన్న అప్లికేషన్ కోసం వందల ఎంబీలు దిగితే ఆ రోజు డేటా అక్కడితో సరి.

నెట్ అసలే లేని రోజులూ మనకు తెలుసు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. అలాంటప్పుడు పెన్ డ్రైవ్‌లో తెచ్చుకుని వేసుకునే దారి ఉండాలి. నిజానికి ఉంది కూడా. సినాప్టిక్‌లో కావలసినవి గుర్తు పెట్టి, డౌన్‌లోడ్ స్క్రిప్ట్ (ఏవేవి దింపాలో చెప్పే చిన్న ఫైలు) తయారుచేసుకుని, నెట్ ఉన్న చోట నడిపి, ఆ ఫైళ్లు తెచ్చి వేసుకోవచ్చు. డెబియన్ డెవలపర్ రితేశ్ రాజ్ సర్రాఫ్ తయారుచేసిన ఏపీటీ ఆఫ్‌లైన్ కూడా ఇదే పనికి. కానీ సినాప్టిక్ ఇచ్చే స్క్రిప్ట్ నడవాలంటే అవతల కూడా లినక్స్ లాంటి సిస్టమే ఉండాలి. పలాసలో నెట్ సెంటర్‌కి వెళ్తే అక్కడ ఉండేది విండోస్, మన చేతిలో ఉండేది ఫోన్. ఏపీటీ ఆఫ్‌లైన్‌ని మామూలుగా కమాండ్లు టైపు చేసే నడుపుతారు. గ్రంథాలయం చూసుకునే పెద్దాయనకు ఈ రెండూ అందవు.

తెలుగు ఫాంట్ల సంగతీ ఇలాగే ఉంది. డెబియన్‌లో పోతన, వేమన, లోహిత్ ఫాంట్లన్నీ ఒకే ప్యాకేజీతో వచ్చేస్తాయి. దాని పేరు 'ఫాంట్స్ టెలు'. తెలుగు లిపికి అంతర్జాతీయ సంకేతం 'టెలు' కాబట్టి ఆ పేరు పెట్టారు. ఆ సంగతి తెలియని మనిషి ఏమని వెతుకుతాడు?

ఆ రోజు నేను సాఫ్ట్‌వేర్ సెంటర్ మూసేసి, కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌లో ఒక్క లైను కొట్టాను. ఫాంట్లు ఎక్కేశాయి. పెద్దాయన సంతోషించారు గానీ, ఆ లైను ఒక కాగితం మీద రాసిమ్మన్నారు. రాసిచ్చాను. అది ఇప్పటికీ ఆ మానిటర్ పక్క గోడకు అంటించి ఉంది.