భారతం పద్దెనిమిది రాత్రులు: మైకు గొడవ వెనక మద్దెల కథ

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో భారతాల (ధర్మరాజుల గుళ్ళ దగ్గర మహాభారత కథను రాత్రిళ్ళు నాటకంగా ఆడే ఉత్సవాల) కాలం వచ్చిందంటే ఆలయ కమిటీలకూ పోలీసులకూ మధ్య పాత పేచీ మళ్ళీ రాజుకుంటుంది. రాత్రి 10 కొట్టగానే మైకు కట్టేయమంటారు. నాటకంలో అప్పటికి రాజుగారి ప్రవేశం కూడా పూర్తయి ఉండదు. తెల్లారేసరికి ఫోన్ల నిండా అవే వీడియోలు. తెల్లవార్లూ మేలుకుని చూసిన రోజులను పెద్దవాళ్ళు తలుచుకుంటారు, పిల్లల చదువుల సంగతేమిటని ఇంకొకరు అడుగుతారు. ఇరుపక్షాలూ ఎత్తేది 2005 నాటి సుప్రీంకోర్టు తీర్పునే. భారతం గొంతు పట్టుకున్నది మాత్రం ఆ తీర్పు కాదు, 2010 జనవరిలో చడీచప్పుడు లేకుండా శబ్దకాలుష్య నిబంధనల్లో చేరిన నాలుగైదు మాటలు.

ధర్మరాజుల గుడి ముందు మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం, చివర నిప్పుల గుండం. ఇదంతా ఇక్కడి వాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఈ తగాదా అర్థం కావాలంటే చూడాల్సింది వేళలు. రాత్రి పొడవును బట్టి కట్టిన నాటకం ఇది. భోజనాలయ్యాక 10 గంటల ప్రాంతంలో మొదలై తెల్లవారుజామున 5కి ముగుస్తుంది, అంటే ఏడు గంటలు. ప్రతి ముఖ్య పాత్రా ఇద్దరు పట్టుకున్న తెర వెనక నుంచి దరువు (ప్రవేశ పాట) పాడుతూ, గజ్జెలు వినిపిస్తూ వస్తుంది. ఒక్కో ప్రవేశానికి పదిహేను, ఇరవై నిమిషాలు. ఎనిమిది పాత్రలుంటే ప్రవేశాలకే రెండు, రెండున్నర గంటలు పోతాయి. అది సాగదీత కాదు. మడికి నీళ్ళు కట్టి వచ్చేవాళ్ళకు, పశువులకు మేత వేసి వచ్చేవాళ్ళకు ఆ వ్యవధి కావాలి. ముందే చాప పరిచి చోటు పట్టుకోవడం, హాస్యగాడి మాటల దాకా మేలుకోవడం, ఆపైన కునుకు తీయడం, కీచకుడి వేళకు ఎవరో తట్టి లేపడం అందరూ చెప్పుకునేవే. ఆ నిద్ర కూడా నాటకం లెక్కలోనిదే. అసలు ఘట్టాన్ని ఎప్పుడూ మూడో జాము తర్వాతే ఉంచేవారు.

ఈ లెక్క తప్పడంలో మొదటి తప్పు నాటకం వాళ్ళదేనని ఒప్పుకోవాలి. మైకు రాకముందు వేషగాడు ఒక చరణం పాడితే వెనక వంతవాళ్ళు దాన్నే అందుకునేవారు. అతను నాలుగు దిక్కులకూ తిరిగి ఆడేవాడు కాబట్టి ప్రతి మాటా అన్ని వైపులా రెండేసిసార్లు చేరేది. పందిట్లో ఒక మైకు వేలాడదీశాక వేషగాడు దాని కిందే నిలబడిపోయాడు. చిందు తగ్గింది, శ్రుతి దిగింది, వంత నామమాత్రమైంది. ఇప్పుడు మైకు తీసేస్తే ముప్పై అడుగుల అవతల కూర్చున్నవాళ్ళకు పద్యం అందదు.

దానికి తోడు గొట్టం మైకులు. వీటిని కట్టేది కూర్చున్నవాళ్ళ కోసం కాదు, పక్క ఊరికి వినిపించాలని. అందుకే కొబ్బరి చెట్టు మీదికీ కరెంటు స్తంభం మీదికీ ఎక్కిస్తారు. 30 వాట్ల గొట్టం ముందు మీటరు దూరంలో 118 డెసిబెల్స్ అనుకుందాం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. ఆ లెక్కన 100 మీటర్ల దగ్గర 78, 800 మీటర్ల దగ్గర 60. నివాస ప్రాంతంలో రాత్రిపూట ఉండాల్సింది 45. అదే ఆటస్థలం పక్కన మనిషి ఎత్తులో మీటరు దగ్గర 100 డెసిబెల్స్ ఇచ్చే పెట్టె స్పీకరు పెడితే, పదిహేను మీటర్ల వెనక కూర్చున్నవాళ్ళకు 76 అందుతాయి, అరకిలోమీటరు దగ్గర 46కు పడిపోతుంది. మైకుసెట్టు వాళ్ళకు ఈ సంగతి తెలియక కాదు. గొట్టాలు కట్టకపోతే ఆ రోజు ఖర్చు మొక్కుగా పెట్టుకున్న ఉభయదారు ఊరుకోడు, తన ఉభయం నాలుగు ఊళ్ళకు తెలియాలి.

ఇక నిబంధనలు. 2000 ఫిబ్రవరిలో వచ్చిన శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనలు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లను నిషేధించాయి. సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాలకు ఏడాదిలో మొత్తం 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చని 2002లో ఒక సవరణ చేర్చారు. 2005 జూలై 18న సుప్రీంకోర్టు నిషేధాన్ని గట్టిగా అమలు చేయమంది, హద్దు మీరిన పరికరాలను స్వాధీనం చేసుకునే ఏర్పాటు ఉండాలంది. అదే ఏడాది అక్టోబరులో 15 రోజుల సడలింపును సమర్థించింది. ఇంతవరకూ మాట మైకుల గురించే. కాగితం మీదైనా ఒక దారి మిగిలి ఉంది: 10 దాటాక మైకు ఆపేసి, వంతవాళ్ళను పెంచి, హార్మోనియం, మద్దెల, ముఖవీణ, తాళాలతో ఆడుకోవచ్చు.

2010 జనవరి 11 సవరణ ఆ దారిని మూసింది. రాత్రివేళ వాడకూడనివాటిలో లౌడ్ స్పీకరు పక్కన శబ్దం చేసే పరికరాన్ని, సంగీత వాద్యాన్ని కూడా చేర్చారు. మూసిన హాళ్ళకు, సమావేశ మందిరాలకు మినహాయింపు ఉంది. భారతం ఆడే ఆరుబయటి మిట్టను హాల్లో పెట్టలేం కదా. అక్షరాలా చదివితే రాత్రి 10 తర్వాత మద్దెల మోగితే చాలు, ఉల్లంఘనే. చాలా స్టేషన్లలో మద్దెల జోలికి పోరన్నది వేరే మాట. ఫిర్యాదు వస్తే మాత్రం కమిటీ చేతిలో చూపడానికి కాగితం ఏదీ ఉండదు. తగాదా మొత్తం మైకు మీదే నడుస్తున్నందువల్ల ఈ మార్పును కమిటీలు ఏ అర్జీలోనూ గట్టిగా ఎత్తడం లేదు.

15 రోజుల లెక్క కూడా చాలామంది అనుకునేలా లేదు. ఊరికి పదిహేను, గుడికి పదిహేను కాదు. ఏ రోజులకు సడలింపో రాష్ట్రమో, రాష్ట్రం అధికారమిచ్చిన జిల్లా యంత్రాంగమో ముందుగా ప్రకటించాలి. పెద్ద పండుగలకే అవి చాలవు. భారతం ఒక్కటే పద్దెనిమిది రాత్రులు, పైగా ఊరూరికీ వేరే తేదీలు.

దెబ్బ గట్టిగా తగిలేది చివరి రాత్రి. పద్దెనిమిదో నాటి యుద్ధాన్ని తెల్లవార్లూ ఆడి, అదే వేషాలతో భీముడూ దుర్యోధనుడూ పొద్దున దుర్యోధనుడి మట్టిబొమ్మ దగ్గరికి నడవాలి. రాత్రి నాటకమే పగటి తంతుగా మారే చోటు అది. పడుకోబెట్టిన ఆ బొమ్మ తొడలో కుంకుమ నీళ్ళ కుండ ఉంటుంది. గద దెబ్బకు అది పగిలాకే ద్రౌపది జడ ముడుస్తుంది, సాయంత్రం గుండం తొక్కుతారు. 10కో 12కో ఆపేస్తే ముఖం రంగు కడిగి, కిరీటం, భుజకీర్తులు విప్పి, మళ్ళీ నాలుగింటికి వేషానికి కూర్చోవాలి. వేషం పూర్తి కావడానికి రెండు గంటలు పడుతుంది.

అవతలి పక్షానికీ కారణాలున్నాయి. లౌడ్ స్పీకర్ల హోరులో అత్యాచారానికి గురవుతున్న బాలిక కేకలు ఎవరికీ వినిపించలేదన్న ఉదంతమే సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన పిటిషన్‌కు ప్రేరణ. పరీక్షలు రాసేవాళ్ళు, జబ్బుపడినవాళ్ళు ఊళ్ళో ఉంటారు. నాటకమని అనుమతి తీసుకుని అర్ధరాత్రి రికార్డింగ్ డాన్సు పెట్టేవాళ్ళ వల్ల భారతం అర్జీనీ పోలీసులు అనుమానంగానే చూస్తారు.

ఇప్పుడున్న నిబంధనల్లోనే చేయగలిగింది కొంత ఉంది. గొట్టాలు దించి పెట్టె స్పీకర్లు వాడాలి. హరికథను ముందుకు జరిపి రాత్రి 7కే తెర పట్టాలి. ఏ రాత్రులు ముఖ్యమో రాసి, జిల్లా ప్రకటించే రోజుల్లో చేర్చమని సీజనుకు ముందే అర్జీ పెట్టుకోవాలి. అది దక్కినా 12 వరకే. చివరి యుద్ధాన్ని ఉదయం 6కు, నిషేధం ముగిసిన నిమిషాన మొదలుపెట్టే వీలుంది. మూడు గంటలు ఆడి బొమ్మ దగ్గరికి నడిచేసరికి 9 దాటుతుంది. మే ఎండలో కొయ్య కిరీటంతో, చెప్పుల్లేని కాళ్ళతో, కంకణం కట్టుకుని ఉపవాసమున్న వేషగాళ్ళు ఎంతమంది అందుకు ఒప్పుకుంటారన్నది కమిటీలు ముందుగా అడిగి తెలుసుకోవాలి.