అరిసెకు చేతికొచ్చే నీరెంత?

సంక్రాంతి పార్సిల్ ముక్కనుమ కూడా దాటాక వస్తే ఏం చేయాలి? బెంగళూరులో మా పక్క ఫ్లాట్ అమ్మాయి ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది. తను ఆఫీసు పని మీద పుణేలో ఉంది. పాలకొల్లు నుంచి వాళ్ళమ్మగారు పంపిన అట్టపెట్టె ఎక్కడో గోడౌన్‌లో పడి ఉండి, పండగంతా అయ్యాక తీరుబడిగా వచ్చింది. ఓటీపీ నాకు చెప్పి, "అంకుల్, కొంచెం తీసుకుని ఫ్రిజ్‌లో పెట్టేస్తారా? అరిసెలు, జంతికలు, సున్నుండలు, బొబ్బట్లు ఉన్నాయట" అంది. అరిసెలకు ఫ్రిజ్ అక్కర్లేదన్నాను, బొబ్బట్ల సంగతి వేరన్నాను. ఎందుకో చెప్పబోతే మీటింగ్ ఉందని పెట్టేసింది. కాబట్టి మీకు చెబుతున్నాను.

బూజు అంటే ఏమిటి, బ్యాక్టీరియా అంటే ఏమిటి అన్నవి వదిలేద్దాం. తేమ ఉంటే తిండి పాడవుతుందని బడిలో చెప్పి పాఠం ముగించేస్తారు. తేనెలో దాదాపు 18 శాతం నీరుంటుంది, ఏళ్ళు గడిచినా ఏమీ కాదు. పల్లీల్లో 10 శాతం తేమ మిగిలినా చాలు, బూజు పట్టేస్తుంది. ఈ లెక్క బడిపాఠంతో తేలదు.

ఐటీ ఊళ్ళో ఉన్నాం కాబట్టి జీతంతో చెప్పుకుందాం. తూకం వేసి కొలిచే తేమ సీటీసీ, అంటే కంపెనీ కాగితం మీద చూపే మొత్తం జీతం, లాంటిది. సూక్ష్మజీవికి దానితో పని లేదు, ఇన్‌హ్యాండ్, అంటే చేతికొచ్చేది, ఎంత అన్నదే దానికి కావాలి. చక్కెర, ఉప్పు ఈఎమ్ఐలు. ఆఫర్ లెటర్‌లో ఘనమైన అంకె ఉండి కూడా హోమ్ లోన్, కార్ లోన్ పోగా నెల మధ్యలోనే చిల్లర వెతుక్కునే మనిషి తేనె. పల్లీకి జీతం తక్కువే కానీ అప్పుల్లేవు. దాని బరువులో సగం దాకా నూనే, నూనె నీటిని పట్టి ఉంచదు. ఉన్న కాస్త నీరూ బూజు చేతికి సులువుగా అందుతుంది.

ఈ ఇన్‌హ్యాండ్‌కి శాస్త్రంలో పేరు నీటి క్రియాశీలత. ఆహారం మీది నీటి ఆవిరి పీడనాన్ని, అదే ఉష్ణోగ్రత దగ్గర శుద్ధమైన నీటి ఆవిరి పీడనంతో భాగిస్తే వచ్చే అంకె ఇది. శుద్ధమైన నీటికి 1, బొత్తిగా ఎండిన దానికి 0. ఎంత నీరు మిగిలిందని ఇది చెప్పదు, ఉన్న నీరు ఎంత తేలిగ్గా తప్పించుకు పోగలదో చెబుతుంది. ఆ మేరకు నా జీతం పోలిక కుంటిదే, అయినా వదలను. 1950లలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త డబ్ల్యూ. జె. స్కాట్ సూక్ష్మజీవుల పెరుగుదలను తేమ శాతంతో కాకుండా ఈ అంకెతో ముడిపెట్టి చూపించాడు. తిండిని పాడుచేసే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగానికి 0.91 పైన కావాలి. మొండిదైన స్టెఫిలోకాకస్ ఆరియస్ 0.86 దాకా నెట్టుకొస్తుంది. మామూలు బూజులు 0.8 దాకా, కొన్ని ఇంకా కిందికి కూడా వస్తాయి. 0.6 కింద ఏదీ పెరగదు. చావదు, ఊరికే కాచుకుని ఉంటుంది. తడి గరిట ఆవకాయ జాడీలో పెడితే అమ్మమ్మలు అరిచేది అందుకే. ఆ గరిట దిగినచోట ఒక పలచని పొరలో ఉప్పు పలచబడి, కాచుకున్నదానికి జీతం పడినట్టవుతుంది.

నాకు బాగా నచ్చిన మెలిక ఒకటుంది. ఇక్కడ అప్పు మొత్తం ఎంతన్నది కాదు, ఎన్ని అప్పులన్నది ముఖ్యం. నీటిలో కరిగిన అణువుల బరువు కంటే వాటి సంఖ్య క్రియాశీలతను ఎక్కువగా దించుతుంది. సోడియం, క్లోరిన్‌ల జంట అయిన ఉప్పు నీటిలో రెండు అయాన్లుగా విడిపోతుంది, పైగా ఆ అయాన్లు చుట్టూ నీటిని గట్టిగా పట్టుకుంటాయి. అందుకే పూర్తిగా ఉప్పు కరిగించిన నీరు 0.75 దగ్గర ఆగితే, పూర్తిగా పంచదార కరిగించిన నీరు అంతకు ఎన్నో రెట్లు బరువు కరిగించుకుని కూడా 0.85 దగ్గరే ఉంటుంది. బెల్లం దీనికి ఒక ఉపాయం చేస్తుంది. చెరకు రసం కాగేటప్పుడు దానిలోని ఆమ్లం కొంత సుక్రోజ్‌ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విరగ్గొడుతుంది. ఒక లోను రెండు లోన్లయింది. అవి నీటిని తేలిగ్గా వదలవు, అంత సులువుగా గడ్డకట్టవు. అరిసె మెత్తగా ఉంటూనే నిలవ ఉండటంలో వీటి పాత్ర ఉంది. పాకంలో కొంత నీరు పోయింది, నూనెలో వేగుతుంటే ఇంకొంత ఆవిరైంది, మిగిలినదాన్ని బెల్లం ఈఎమ్ఐల్లో ఇరికించింది.

ఇప్పుడు పెట్టెలో ఏం జరిగిందో చూడండి. నీరు ఎక్కువ తేమ ఉన్నచోటి నుంచి తక్కువ తేమ ఉన్నచోటికి పోతుందనుకుంటాం. కానీ అది నడిచేది క్రియాశీలత ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి. బొబ్బట్టు వదిలిన ఆవిరి మూత వదులైన పొట్లంలోంచి జంతికల్లోకి చేరుతుంది. జంతిక అంకె 0.5 దగ్గరకు వస్తే కరకర పోయినట్టే. చెన్నై గాలిలో తేమ 70 శాతం అంటే గాలి క్రియాశీలత 0.7 అన్నమాట, అక్కడ మూత తెరిచి ఉంచినా ఇదే గతి. పూతరేకుల గురించి నేను చెప్పక్కర్లేదు.

పెట్టెలో ఒక బొగ్గు ముక్క, ఎండుమిరపకాయ కూడా ఉన్నాయి. నూనె వంటకాలు బయటికి పంపితే దయ్యాలు పట్టకుండా అని వేస్తారు. బొగ్గు తేమ పీలుస్తుంది కాబట్టి ఇది ప్రాచీన విజ్ఞానమని నాకు వాట్సాప్‌లో పంపిన పెద్దమనిషి ఉన్నాడు. ఆ గోళీకాయంత ముక్క అన్ని పిండివంటల తేమను ఏం పీలుస్తుంది? అమ్మ ప్రేమగా వేసింది, అంతే చాలు కదా!

క్రియాశీలత తగ్గితే అన్నీ క్షేమం అనుకోవద్దు. నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పాత నూనె వాసన రావడానికి సూక్ష్మజీవులే అక్కర్లేదు. ఈ చర్య 0.2, 0.3 మధ్య అన్నిటికంటే నెమ్మదిగా ఉంటుంది. ఇంకా ఎండిపోతే మళ్ళీ వేగం పుంజుకుంటుంది, నూనెను కప్పి ఉంచే పలచని నీటి పొర పోతుంది కనుక. జంతికలనూ సున్నుండలనూ వాసన చూసి నిర్ణయించుకోవచ్చు.

బొబ్బట్లను అలా నిర్ణయించలేం. పూర్ణంలో ఉడికిన శనగపప్పుంది, పాకం ముదరలేదు, ఇన్‌హ్యాండ్ దండిగా ఉంది. వేడి మీద కవర్లో కడితే లోపల చెమ్మ పట్టి, ఆ చుక్క పడిన చోట క్రియాశీలత దాదాపు 1కి చేరుతుంది. కాల్చాక కూడా చేత్తో తీసి సర్దే వంటకం కాబట్టి చర్మం మీది స్టెఫిలోకాకస్‌కు దారి సులువు. అది పెరిగాక వదిలే విషానికి వాసన, రుచి ఉండవు. పెనం మీద నెయ్యి వేసి వేడి చేస్తే బ్యాక్టీరియా చస్తుంది కానీ ఆ విషం మాత్రం వేడిని తట్టుకుంటుంది. బొబ్బట్లు పారేయమని ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టాను. "అమ్మకు చెప్పకండి అంకుల్" అని జవాబొచ్చింది.