పాత ప్రభుత్వ భవనాలు కూల్చాలా, బాగుచేయాలా? అపోహలు - వాస్తవాలు

పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి. సైటుకి పిలిచిన ప్రతిచోటా దాదాపు ఇవే మాటలు వింటుంటాను.

అపోహ: వందేళ్లు దాటింది, ఇక ఎప్పుడైనా కూలుతుంది.
వాస్తవం: డంగు సున్నంతో (ఇసుక కలిపి గానుగలో రుబ్బిన సున్నం) కట్టిన గోడను పాడుచేసేది వయసు కాదు, నీరు. అందుకే నేను పగుళ్ల కంటే ముందు డాబా ఎక్కి, వాననీరు ఎటు పోతోందో చూస్తాను. తూము పూడిపోయి, పిట్టగోడలో రావిమొక్క మొలిస్తే ఎంత మందం గోడైనా తడిసి నానుతుంది. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని 2020 జులైలో ఖాళీ చేయించడానికి కారణం వార్డుల్లోకి మురుగునీరు రావడం. అది డ్రైనేజీ లోపం. దానికి కూల్చివేత మందు కాదు.

అపోహ: సిమెంటు పూస్తే గట్టిపడుతుంది.
వాస్తవం: నేను చూసిన నష్టంలో ఎక్కువ భాగం దీనివల్లే. సున్నం పూత గోడలోని తేమను బయటికి వదులుతుంది. సిమెంటు ఆపేస్తుంది. లోపల చిక్కిన తేమ ఉప్పును పైకి లాగి ఇటుకను తినేస్తుంది. అలాంటి గోడను వేలితో తడితే బోలుగా మోగుతుంది. పూత పెళ్లగిస్తే వెనక ఇటుక పొడిపొడిగా చేతికొస్తుంది. టెండర్‌లో 'సిమెంటు ప్లాస్టరింగ్' అని ఒక్క ముక్క రాస్తే చాలు, భవనం ఆయుష్షు తగ్గినట్టే. సున్నం పని నిదానం, తెలిసిన మేస్త్రీలు తక్కువ. అయినా వేరే దారి లేదు.

అపోహ: పాత భవనం నేటి అవసరాలకు పనికిరాదు.
వాస్తవం: ఇందులో కొంత నిజముంది. ఐసీయూలు, ఆపరేషన్ థియేటర్లను పాత హాళ్లలో ఇరికించకూడదు. ఉస్మానియాకి గోషామహల్‌లో కొత్త ఆసుపత్రి కట్టడానికి 2025లో శంకుస్థాపన చేయడం మంచిదే. పాత భవనం ఓపీకో, లైబ్రరీకో చక్కగా సరిపోతుంది. హైదరాబాద్‌లోని 1935 నాటి మొజంజాహి మార్కెట్‌ను బాగుచేశాక కూడా అది మార్కెట్‌గానే నడుస్తోంది.

అపోహ: కూల్చి కట్టడమే చవక.
వాస్తవం: శిథిలాల తరలింపు, కొత్త భవనం పూర్తయ్యేదాకా ఆఫీసుల అద్దె కూడా అంచనాలో కలిపి చూడండి.

అపోహ: మీరు దేన్నీ కూల్చనివ్వరు.
వాస్తవం: 1970ల నాటి ఆర్‌సీసీ (ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటు) భవనంలో ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, స్తంభాల కాంక్రీటు పెచ్చులూడిపోతుంటే కొన్నిసార్లు కూల్చమని నేనే రాస్తాను. కాకపోతే కాంక్రీటు గట్టిదనం తెలుసుకోవడానికి పరికరంతో కొట్టి చూసే హామర్ టెస్టును సున్నపు గోడ మీద చేసి 'బలహీనం' అని తేల్చిన రిపోర్టుని మాత్రం ఒప్పుకోను. మీ ఊళ్లో ఏ భవనానికైనా కూల్చివేత నోటీసు వస్తే ఏ పరీక్ష చేశారో, ఏ గోడకి చేశారో ముందు అడగండి.