మింగని నీళ్లు

మణుగూరు భారజల కర్మాగారం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక అనుమానం కూడా వస్తుంది: అక్కడ తయారయ్యే నీళ్లు రేడియోధార్మికమా? కావు. అవి గోదావరిలో ఎప్పటినుంచో పారుతున్నవే. ఏ నీటిలోనైనా పది లక్షల హైడ్రోజన్ పరమాణువుల్లో ఇంచుమించు 150 డ్యుటీరియంవి, అంటే రెట్టింపు బరువున్న హైడ్రోజన్‌వి ఉంటాయి. అలాంటి హైడ్రోజన్ ఉన్న నీళ్లే భారజలం. కర్మాగారం చేసేదల్లా వాటిని ఏరడం. అంత కష్టపడి ఏరడం దేనికన్నదే అసలు ప్రశ్న.

పాఠ్యపుస్తకంలో దీనికి ఒక్క మార్కు జవాబు ఉంది: ‘భారజలం రియాక్టర్‌లో మితకారి, న్యూట్రాన్ల వేగాన్ని తగ్గిస్తుంది.’ తప్పు కాదు. కానీ ఆ మాటకొస్తే మామూలు నీళ్లు ఇంకా బాగా తగ్గిస్తాయి! పిల్లలు ఇక్కడ ‘మరి భారజలం ఎందుకు సార్?’ అని అడగాలి. బట్టీ పట్టినవాడికి ఆ ప్రశ్న రాదు.

యురేనియం-235 కేంద్రకం పగిలినప్పుడు బయటపడే న్యూట్రాన్ సెకనుకు సుమారు 20,000 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంది. దాన్ని సెకనుకు 2.2 కిలోమీటర్లకు దించితే, ఇంకో 235 కేంద్రకాన్ని పగలగొట్టే అవకాశం కొన్ని వందల రెట్లు పెరుగుతుంది. సహజ యురేనియంలో 235 ఉండేది 0.7 శాతమే, మిగతాది దాదాపు అంతా యురేనియం-238. కాబట్టి దించకపోతే, ఒకటి పగిలి ఇంకోదాన్ని పగలగొట్టే శృంఖల చర్య సాగదు.

ఎలా దించాలి? గోళీలాట గుర్తు తెచ్చుకోండి. గోళీని ఇనప గుండుకేసి కొడితే దాదాపు అదే వేగంతో వెనక్కొస్తుంది. అంతే బరువున్న గోళీకి సూటిగా తగిలితే మాత్రం వేగమంతా దానికిచ్చేసి తను అక్కడే నిలబడిపోతుంది. న్యూట్రాన్‌కు సరితూగే గోళీ హైడ్రోజన్ కేంద్రకం. రెట్టింపు బరువున్న డ్యుటీరియానికి సూటిగా తగిలినా శక్తిలో తొమ్మిదింట ఎనిమిది వంతులు పోతుంది. అయితే ఎక్కువ దెబ్బలు పక్కగా రాసుకుపోయేవే. సగటున లెక్కేస్తే హైడ్రోజన్‌తో 18 దెబ్బలు, డ్యుటీరియంతో 25, గ్రాఫైట్‌లోని కార్బన్‌తో 115 పడతాయి. యురేనియం-238 అయితే ఇనప గుండే, రెండు వేలు దాటుతాయి.

ఇంతవరకూ గెలుపు హైడ్రోజన్‌దే. చిక్కేమిటంటే ఆ గోళీకి బంక రాసి ఉంది. తగిలిన న్యూట్రాన్‌ను అప్పుడప్పుడు అంటించేసుకుంటుంది. డ్యుటీరియం అలా పట్టుకునే అవకాశం దానికన్నా సుమారు 600 రెట్లు తక్కువ. ఒక్కో విచ్ఛిత్తిలో, అంటే కేంద్రకం పగిలిన ప్రతిసారీ, సగటున పుట్టేది దాదాపు రెండున్నర న్యూట్రాన్లు. అందులో ఒకటి తర్వాతి విచ్ఛిత్తికి మిగలాలి. మిగతావాటికి 238 ఉంది, లోహపు గొట్టాలున్నాయి, బయటికి జారిపోయేవి ఉన్నాయి. ఆపైన బంక కూడానా? అందుకే కూడంకుళంలోలా మామూలు నీళ్లు వాడితే యురేనియాన్ని ఏరుకోవాలి, సహజ యురేనియం వాడితే నీళ్లను ఏరుకోవాలి.

మన 220 మెగావాట్ల భారజల రియాక్టర్లలో హైదరాబాదులో తయారైన అర మీటరు పొడవు ఇంధన కట్టలు అడ్డంగా ఉన్న 306 గొట్టాల్లో ఉంటాయి. గొట్టానికీ గొట్టానికీ ఇంచుమించు జానెడు ఎడం. ఆ ఎడం ఊరికే పెట్టలేదు. వేగం తగ్గే దారి మధ్యలో కొన్ని శక్తుల దగ్గర 238 న్యూట్రాన్‌ను ఆబగా మింగేస్తుంది. ఆ గండం ఇంధనానికి దూరంగా, నీళ్లలోనే గడిచిపోవాలి.

శుద్ధత ఎంత ఉండాలో చూస్తే బంక సంగతి ఇంకా స్పష్టమవుతుంది. 99.75 శాతం భారజలం మింగే న్యూట్రాన్లలో సగానికి పైగా ఆ పావు శాతం మామూలు నీళ్లవే!

ఏరే పద్ధతికి వస్తే, మణుగూరులో దానికి వాడేది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. చల్లటి టవర్‌లో, అంటే 30 డిగ్రీల చుట్టుపక్కల, డ్యుటీరియం ఆ వాయువును వదిలి నీటిలోకి ఎక్కువగా చేరుతుంది. 130 డిగ్రీల వేడి టవర్‌లో ఆ పక్షపాతం కాస్త తగ్గి, కొంత మళ్లీ వాయువులోకి పోతుంది. నీళ్లు పైనుంచి కిందికీ వాయువు కిందినుంచి పైకీ తిరుగుతుంటే, రెండు టవర్ల నడుమ డ్యుటీరియం పేరుకుంటుంది. అక్కడ తోడుకుని, తక్కువ పీడనంలో స్వేదనం చేసి చివరి శుద్ధతకు తెస్తారు. వచ్చిన నీటిలోని డ్యుటీరియంలో ఐదో వంతుకు అటూఇటూగానే చిక్కుతుంది. కిలో భారజలానికి దాదాపు 30 టన్నుల నీళ్లు పారాలి. చల్లటి టవర్‌ను ఇంకా చల్లబరిస్తే ఎక్కువ రాదా? రాదు. ఆ పీడనంలో వాయువూ నీరూ కలిసి మంచులాంటి గడ్డలు కట్టి టవర్ మూసుకుపోతుంది. వాయువేమో విషం. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్ల కంపు. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ కంపూ తెలియదు, అదే ప్రమాదం.

రేడియోధార్మికత ఆ తర్వాతి కథ. రియాక్టర్‌లో ఏళ్ల తరబడి దెబ్బలు తిన్నాక కొన్ని డ్యుటీరియం కేంద్రకాలు న్యూట్రాన్‌ను మింగి ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ అవుతాయి. దాని అర్ధాయువు 12.3 ఏళ్లు. అందుకే సీళ్ల దగ్గర కారే ఆవిరిని కూడా వదలరు. గది గాలిని డ్రయర్ల గుండా పంపి తేమ పట్టుకుంటారు. దొరికిన నీటిలో గాలిలోని మామూలు తేమ కలిసి ఉంటుంది కాబట్టి, దాన్ని మళ్లీ స్వేదన స్తంభాలకెక్కిస్తారు.