మంగళవారం పదకొండింటికి ఏం చేస్తుంటారు? ఉద్యోగం మారడంపై అపోహలు - వాస్తవాలు

ఏళ్ల తరబడి చేసిన ఉద్యోగం వదిలి, మనసుకు నచ్చిన పనిలోకి వెళ్లాలనుకునేవారికి సలహాలివ్వడం నా వృత్తి. వచ్చేవారిలో చాలామంది దగ్గర రాజీనామా లేఖ ముందే తయారుగా ఉంటుంది. ఒకాయన ఫోనులో అది నాలుగేళ్లుగా ఉంది. అప్పుడప్పుడు తెరిచి కామాలు సరిచేసుకునేవారట. నేను ఆ లేఖలు చదవను. ఒక తెల్ల కాగితం ఇచ్చి, కోరుకుంటున్న పనిలో ఒక మామూలు మంగళవారం పొద్దున పదకొండింటికి ఏం చేస్తుంటారో రాయమంటాను. కలం సాధారణంగా అక్కడే ఆగిపోతుంది.

అపోహ: కావలసింది తెగింపు. ఒక్కసారిగా దూకేయాలి.

వాస్తవం: దూకి గట్టెక్కినవారి కథలే మన చెవిన పడతాయి. మునిగినవారిని ఎవరూ వేదికనెక్కించరు. అమెరికాలో సొంత వ్యాపారాల్లోకి వెళ్లినవారిపై జోసెఫ్ రాఫీ, జీ ఫెంగ్ చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. ఉద్యోగం చేస్తూనే వ్యాపారం మొదలుపెట్టి, ఆ తర్వాత పూర్తిగా అందులోకి వెళ్లినవారు దాన్ని వదులుకునే అవకాశం, ఉద్యోగం మానేసి నేరుగా దిగినవారితో పోలిస్తే మూడో వంతు తక్కువని తేలింది. అలా మెల్లగా మారేవారిలో నష్టానికి జంకేవారే ఎక్కువ. జంకు అంత చెడ్డదేమీ కాదన్నమాట.

పందొమ్మిదేళ్లు అకౌంట్స్ విభాగంలో పనిచేసిన ఒకావిడ టీచరు కావాలని వచ్చారు. ఆమె రాసిన మంగళవారంలో పిల్లలు కళ్లార్పకుండా పాఠం వింటున్నారు. దిద్దాల్సిన పేపర్లు గానీ, కిటికీలోంచి బయటకు చూసే పిల్లవాడు గానీ ఆ కాగితంలో ఎక్కడా లేరు. మూడు వారాలు సెలవు పెట్టి, తెలిసినవారి బడిలో పాఠాలు చెప్పి రమ్మన్నాను. మొదటి వారానికే గొంతు పోయింది. తిరిగొచ్చి, "నలభై మందికి ఒకేసారి చెప్పడం నా వల్ల కాదండీ. చివరి బెంచీలో భిన్నాలు అర్థంకాని ఒక పాప పక్కన కూర్చున్న ఆ ఇరవై నిమిషాలే బాగున్నాయి" అన్నారు. ఇప్పుడామె పాత ఆఫీసులో సగం రోజులు పనిచేస్తూ, మిగతా రోజుల్లో లెక్కల్లో వెనకబడిన పిల్లలకు ఒక్కొక్కరికీ విడిగా చెబుతున్నారు. ముందే రాజీనామా చేసి ఉంటే, బోధన తనకు సరిపడదనుకుని వెనక్కి వచ్చేసేవారేమో.

అపోహ: ఇప్పుడు మానేస్తే ఇన్నేళ్లూ వృథా.

వాస్తవం: 1985లో హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ ఒక నాటకశాల సీజన్ టికెట్లతో, అంటే ఆ సీజన్ నాటకాలన్నింటికీ కలిపి ముందే కొనే టికెట్లతో, ప్రయోగం చేశారు. కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు అమ్మారు. నాటకాలు అందరికీ అవే. అయినా సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవారే ఎక్కువ నాటకాలకు వెళ్లారు. పెట్టిన డబ్బు తిరిగి రాకపోయినా కుర్చీలో కూర్చోబెడుతుంది. పెట్టిన ఏళ్లూ అంతే. పైగా డబ్బులా అనుభవం ఆవిరైపోదు. పాప తప్పు ఏ మెట్టు దగ్గర మొదలైందో ఆ అకౌంట్స్ కళ్లు ఇట్టే పట్టేస్తాయి.

అపోహ: అర్థవంతమైన పనులంటే సేవ, బోధన, కళలే.

వాస్తవం: ఎమీ రెజ్నెస్కీ బృందం 1997లో ప్రచురించిన అధ్యయనంలో 24 మంది ఆఫీసు సహాయకులు ఉన్నారు. అందరిదీ దాదాపు ఒకే రకం పని. వారిలో సుమారు మూడో వంతు మందికి అది జీతం, మూడో వంతుకు ఎదుగుదలకు మెట్టు, మిగతావారికి మనసుపెట్టి చేసే జీవితపు పని. నా దగ్గరికి వచ్చేవారిలో కొందరికి అసలు మారాల్సింది పని కాదు, పై అధికారి. ఈ మాట చెబితే కొందరు నొచ్చుకుంటారు. రెండోసారి రారు కూడా.

అపోహ: నలభై దాటాక ఇంకేం మారతాం?

వాస్తవం: అమెరికాలో అత్యంత వేగంగా ఎదిగిన కొత్త సంస్థలను పియర్ అజూలే బృందం పరిశీలిస్తే, వాటిని స్థాపించేనాటికి స్థాపకుల సగటు వయసు 45.

అపోహ: నచ్చిన పని దొరికితే అలసటే ఉండదు.

వాస్తవం: ఉంటుంది, అదీ వేరే రకంగా. జంతుప్రదర్శనశాలల్లో జంతువుల సంరక్షకులపై బండర్సన్, థాంప్సన్ చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. ఇదే తమ జీవితపు పని అనుకున్నవారికి పనిలో అర్థం ఎక్కువగా కనిపించింది. అదే సమయంలో జీతాన్నీ సొంత సమయాన్నీ త్యాగం చేయడానికీ వారే ముందున్నారు. ఆ ఇష్టాన్ని వాడుకునే యజమానులు ఉంటారు. అందుకే ఎంత పవిత్రమైన పనైనా పనిగంటలు, సెలవులు, జీతం కాగితం మీద రాయించుకోమంటాను.

ఇంత జాగ్రత్త చెప్పే నన్ను ఇరుకున పెట్టే అధ్యయనం ఒకటుంది. ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్, ఎటూ తేల్చుకోలేనివారి చేత ఇంటర్నెట్‌లో నాణెం ఎగరేయించారు. 20 వేలకు పైగా నాణేలు ఎగిరాయి. పెద్ద నిర్ణయాల విషయంలో, "మారు" అని నాణెం చెప్పి మారినవారు ఆరు నెలల తర్వాత ఎక్కువ సంతోషంగా ఉన్నామని చెప్పారు. అంటే ఏళ్లకేళ్లు ఊగిసలాడేవారు అవసరానికి మించి ఆగుతున్నారేమో. అందుకే ప్రయోగాలకు నేను గడువు పెడతాను: ఆరు నెలలు.

ఫోనులో లేఖ దాచుకున్నాయన ఆ గడువు ముగిసిన రోజు దాన్ని పంపేశారు. ఒక కామా ఇంకా తప్పుగానే ఉండిపోయిందట.