రేసు బండి పొగ గురించి అపోహలు, వాస్తవాలు: ఆటోనగర్ షెడ్డు నుంచి

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న షెడ్డు. పగలు మామూలు సర్వీసింగ్, సాయంత్రం దాటాక రేసు బైకుల పని. సీజన్ వస్తే చెన్నై, కోయంబత్తూరు ట్రాకులకు బండ్లు తయారుచేసి తీసుకెళ్తాం. ఈ పనిలో ఉన్నందుకు రెండు వైపుల నుంచీ మాటలు పడాలి. ఒకాయన వచ్చి "ఎండలు ఇట్లా మండిపోతుంటే ఇంకా ఈ రేసులెందుకండీ" అంటాడు. ఆయన వెళ్లగానే ఇంకో కుర్రాడు "కరెంటు బండ్లొచ్చి రేసుని చంపేశాయన్నా" అని మొదలుపెడతాడు. ఇద్దరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి ఇక్కడ రాస్తున్నా.

అపోహ: రేసులో కాలే పెట్రోలే అసలు కాలుష్యం

వాస్తవం: ఫార్ములా వన్ వాళ్లే 2019లో తమ లెక్క బయటపెట్టారు. 2018 సీజన్ మొత్తానికి తేలింది 2,56,551 టన్నుల కార్బన్. అందులో రేసు కార్ల ఇంజన్ల వాటా 0.7 శాతం. సామాను ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మోసినందుకు 45 శాతం, మనుషుల ప్రయాణాలకు 27.7, ఫ్యాక్టరీలు, ఆఫీసులకు 19.3, రేసు నిర్వహణకు 7.3. టికెట్ కొనుక్కుని విమానమెక్కి వచ్చే ప్రేక్షకుల పొగ ఈ లెక్కలో అసలు కలపనే లేదు.

నమ్మబుద్ధి కాకపోతే మా లెక్కే చూడండి. ఇక్కడి నుంచి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకి సుమారు 450 కిలోమీటర్లు. రెండు బైకులు, ప్యాడక్ స్టాండ్లు, టైర్లు, టూల్ బాక్సులు, జనరేటర్ ఎక్కించిన పికప్ వ్యాన్ పోయి రావాలంటే 80 లీటర్ల డీజిల్‌కి తక్కువ తాగదు. ట్రాకు ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. రేసుకి ఆరో ఎనిమిదో చుట్లు. ప్రాక్టీసు, క్వాలిఫయింగ్, రేసులు అన్నీ కలిపినా 165 సీసీ బండికి పది లీటర్లు చాలు. పొగ రేసులో కన్నా రేసుకి వెళ్లే దారిలోనే ఎక్కువ.

అందుకే ముందు మార్చాల్సింది క్యాలెండర్. కెనడా రేసు ఏళ్ల తరబడి యూరప్ రేసుల మధ్యలో జూన్‌లో పడేది. అంటే అట్లాంటిక్ దాటి వెళ్లి, మళ్లీ వెనక్కి. 2026 నుంచి దాన్ని మే నెలకి జరిపి మయామి రేసు వెంట పెట్టారు. జపాన్ రేసుని 2024లో ఏప్రిల్‌కి తెచ్చి అటువైపు రేసులతో కలిపారు. యూరప్‌లో సామాను మోసే లారీలకు బయోఫ్యూయల్ పోస్తున్నారు. ఇవన్నీ కలిసి 2024 చివరికి 26 శాతం తగ్గిందని ప్రకటించారు. తగ్గినందుకు సంతోషమే. కానీ 2018లో 21 ఉన్న రేసుల్ని 24 చేసి, 2030కల్లా నెట్ జీరో, అంటే మొత్తం కార్బన్ లెక్క సున్నా చేస్తాం అనడం మాత్రం నాకు కొరుకుడు పడదు.

మేమూ రెండు మూడు జట్లు కలిసి ఒకే లారీ మాట్లాడుకోవడం అలవాటు చేసుకున్నాం. పర్యావరణం కోసమేం కాదు, డబ్బులు మిగులుతాయని.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ట్రాకు పక్కన ఇల్లున్నవాడికి 0.7 శాతం అంటే ఏం ఓదార్పు? మన బంకుల్లో సీసం కలిపిన పెట్రోలు 2000లోనే ఆగిపోయింది. అమెరికాలో నాస్కార్ కార్ల రేసుల్లో మాత్రం 2007 దాకా అదే పోశారు. సీసం కార్బన్ లెక్కలో కనపడదు. చుట్టుపక్కల పిల్లల రక్తంలో కనపడుతుంది.

అపోహ: పెట్రోల్లో ఇథనాల్ కలిస్తే ఇంజన్ గోవిందా, రేసుకి అసలే పనికిరాదు

వాస్తవం: రేసుకి ఇథనాల్ నిక్షేపంలా పనికొస్తుంది. ఆక్టేన్ ఎక్కువ. ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుని లోపలికెళ్లే గాలిని చల్లబరుస్తుంది. కంప్రెషన్ పెంచినా నాకింగ్ రాదు, అంటే ఇంధనం వేళ కాకుండా అంటుకుని ఇంజన్ టకటకలాడదు. అమెరికాలో ఇండీకార్ అనే కార్ల పోటీ 2007లోనే ఇథనాల్‌కి మారింది. ఫార్ములా వన్ 2022లో పది శాతం కలిపింది.

ఇబ్బంది ఇంజన్ దాని కోసం తయారైనది కానప్పుడు వస్తుంది. పెట్రోలు ఒక పాలు కాలడానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి తొమ్మిది పాళ్లు చాలు. లీటరుకి శక్తి కూడా పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే సైలెన్సర్ దగ్గరి సెన్సర్ చూసి కొంతవరకూ తనే సర్దుకుంటుంది. కార్బొరేటర్ బండికి ఆ తెలివి లేదు. ఆ మధ్య గుంటూరు నుంచి ఒక పాత యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు వచ్చింది. చాలా నెలలు ఇంట్లో నిలబెట్టిన బండి. కార్బొరేటర్ బౌల్ విప్పితే అడుగున నీటి బొట్లు, అంచుల్లో తెల్లటి పొడి. ఓ-రింగ్ ఉబ్బిపోయి మళ్లీ దాని గాడిలో కూర్చోనంది. ప్లగ్ తీస్తే ఇటుక రంగు ఉండాల్సింది తెల్లగా ఉంది, అంటే మిక్స్చర్ పల్చన, గాలికి సరిపడా ఇంధనం లేదు. టూ-స్ట్రోక్‌లో మిక్స్చర్ పల్చన అయితే వేడి పెరిగి పిస్టన్ పట్టేస్తుంది. ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది. మన కృష్ణ ఒడ్డు గాలికి ఆ తేమకేం కొదవ? నీళ్లు మరీ ఎక్కువైతే ఇథనాల్‌ని వెంటబెట్టుకుని ట్యాంకు అడుక్కి దిగిపోతాయి. పెట్రోలు దిగే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాం, పైపులూ సీళ్లూ ఇథనాల్‌కి తట్టుకునే వైటన్ రబ్బరువి వేశాం, నెలల తరబడి నిలబెట్టేటట్టయితే ట్యాంకు ఖాళీ చేసి పెట్టమన్నాం. బండి ఇప్పుడు తిరుగుతోంది.

నన్ను ఆలోచనలో పడేసేది ఇంజన్ సంగతి కాదు, ఆ ఇథనాల్ ఎక్కడి నుంచి వస్తుందన్నది. మన దగ్గర చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి తీస్తున్నారు. మొక్కజొన్నకి ధర పలికితే మన రైతుకి మంచిదే, కాదనను. కానీ తినే గింజని ట్యాంకులో పోయడం, దానికయ్యే నీళ్ల ఖర్చు, ఇవి చిన్న ప్రశ్నలు కావు. 2026 నుంచి ఫార్ములా వన్‌లో వాడే ఇంధనం తిండి పంటల నుంచి రాకూడదని రూలు పెట్టారు. చెత్త నుంచో, పంట వ్యర్థాల నుంచో, పట్టి తెచ్చిన కార్బన్ నుంచో చెయ్యాలి. ఖరీదు చాలా ఎక్కువ, అది వేరే కథ. ఈ ఒక్క విషయంలో రేసు రూలు మన బంకు రూలు కంటే మెరుగ్గా ఉంది.

అపోహ: శబ్దం పోతే రేసు సంప్రదాయం పోయినట్టే

వాస్తవం: నాకూ శబ్దం ఇష్టమే, దాచడం దేనికి. కానీ శబ్దమంటే పనికి రాకుండా బయటికి పోయిన శక్తి. 2013 దాకా ఫార్ములా వన్‌లో వీ8 ఇంజన్లు నిమిషానికి 18,000 చుట్లు తిరిగేవి. రేసుకి 150 కిలోల దాకా పెట్రోలు పట్టేది. 2014లో 1.6 లీటర్ల టర్బో హైబ్రిడ్ తెచ్చి, రేసుకి 100 కిలోలకి మించకూడదన్నారు. పొగగొట్టంలోంచి అరుస్తూ పోయే వేడిని టర్బో పట్టుకుంది, దాని షాఫ్ట్‌కున్న మోటారు కరెంటు చేసింది. గోల తగ్గింది. 2017లో మెర్సిడెస్ ఇంజన్ టెస్ట్ బెంచి మీద 50 శాతం థర్మల్ ఎఫిషియెన్సీ దాటింది, అంటే ఇంధనంలోని శక్తిలో సగానికి పైగా పనిలోకి వచ్చింది. మనం రోడ్డు మీద నడిపే బండ్లు చాలావరకు ముప్పై నుంచి నలభై మధ్యే.

ఇక ఆర్‌ఎక్స్ 100 భక్తులకి ఒక మాట. ఆ టూ-స్ట్రోక్‌లో సిలిండర్‌లోకి వచ్చిన కొత్త మిక్స్చర్‌లో పావు వంతు దాకా కాలకుండానే సైలెన్సర్‌లోకి జారిపోతుంది. మీరు ప్రాణంగా చూసుకునే ఆ వాసన అదే, కాలని పెట్రోలూ టూటీ (2T) ఆయిలూ. ఆదివారం పొద్దున ఒక రౌండ్ వేసుకోండి, రోజూ ఆఫీసుకి మాత్రం వద్దు.

రూలు మారితే సంప్రదాయం చచ్చిపోదు. పల్నాడులో ఎడ్ల బండలాగుడు పోటీలకి వెళ్లినవాళ్లకి తెలుసు, ఎడ్ల వయసుని బట్టి రెండు పళ్లు, నాలుగు పళ్లు అని విభాగాలు, నిమిషాల లెక్క, అడుగుల లెక్క ఉంటాయి. జనం తగ్గారా? ఫార్ములా వన్‌లో 2018లో డ్రైవర్ తల చుట్టూ హాలో కమ్మీ పెడితే చెప్పు పట్టీలా ఉందని గోల గోల చేశారు. 2020లో బహ్రెయిన్‌లో డ్రైవర్ గ్రోజాన్ కారు రెయిలింగ్‌ని చీల్చుకుని మంటల్లో ఇరుక్కుంటే ఆయన బతికి బయటపడింది ఆ కమ్మీ ఉండబట్టే. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

అపోహ: ఎలక్ట్రిక్ రేసు అంటే మచ్చ లేని రేసు

వాస్తవం: కొంత నిజం. ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల పోటీ 2014లో బీజింగ్‌లో మొదలైనప్పుడు కార్లని గ్లిజరిన్‌తో నడిచే జనరేటర్లతో చార్జి చేసేవాళ్లు. తెలివైన పనే. ఎండకీ వానకీ ఒకే రకం, గాడులున్న టైరు వాడుతూ వచ్చారు కాబట్టి టైర్ల దుబారా కూడా తక్కువ. 2025 దాకా ఫార్ములా వన్‌లో మామూలు వారాంతానికి ఒక్కో డ్రైవర్‌కి పొడి టైర్లే 13 సెట్లు. ఇరవై కార్లకి లెక్కేసుకుంటే వెయ్యి టైర్లు దాటుతుంది.

కానీ ఎలక్ట్రిక్ కార్లూ దేశదేశాలు తిరుగుతాయి, దానికీ విమానాలూ ఓడలూ కావాలి. రేపు మన ఊళ్లో కరెంటు కార్టింగ్ పెట్టినా ఆ కరెంటులో ఇబ్రహీంపట్నం థర్మల్ బొగ్గు ఉంటుంది. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ రేసు గుర్తుందిగా, ఫ్రెంచ్ డ్రైవర్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడు రేసు రద్దయింది. ఆ తర్వాత డబ్బు చెల్లింపుల మీద ఏసీబీ కేసు పెట్టింది. కారు పెట్రోలుదా కరెంటుదా అన్నంత ముఖ్యమే, ట్రాకు వేసే డబ్బు ఎవరిది, ఎవరిని అడిగి ఇచ్చారు అన్నదీ.

స్పాన్సర్ల గురించి "డబ్బు ఎవరిదైతే ఏంటి" అనేవాళ్లకి చిన్న జవాబు. సిగరెట్ కంపెనీల బొమ్మలు లేకపోతే రేసే నడవదన్నారు ఒకప్పుడు. అవి పోయాయి, రేసు నడుస్తోంది. 2020 నుంచి ఫార్ములా వన్ పెద్ద స్పాన్సర్లలో సౌదీ చమురు కంపెనీ ఆరామ్‌కో ఒకటి. నెట్ జీరో బోర్డు పక్కనే ఆ బోర్డు. చూసేవాళ్లు అడగాల్సిందే.

అపోహ: ట్రాకు మీదైనా, కృష్ణ మీది వారధి మీదైనా రేసు రేసే

వాస్తవం: ఇది వింటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ట్రాకులో బండి లోపలికి పోవాలంటే ముందు స్క్రూటినీ. ఆయిల్ డ్రెయిన్ బోల్టుకి చిన్న రంధ్రం వేసి, తీగతో బిగించి ముడి వేయాలి, వదులై ఆయిల్ కారితే వెనకొచ్చేవాడు జారిపడతాడు. రేడియేటర్‌లో కూలెంట్ పోయకూడదు, మంచినీళ్లే. సైడ్ స్టాండ్, అద్దాలు పీకేయాలి. హెల్మెట్, తోలు సూటు, గ్లవ్స్ చూసి స్టిక్కర్ వేస్తారు. గేటు దగ్గర అంబులెన్స్ లేకపోతే సెషనే మొదలుకాదు.

అర్ధరాత్రి వారధి మీద, మంగళగిరి హైవే మీద కుర్రాళ్లు చేసేదానికి వీటిలో ఒక్కటీ లేదు. పందెంతో సంబంధం లేనివాడు స్కూటర్ మీద ఇంటికి పోతుంటాడు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద అనుమతి లేని రేసుకి జైలు కూడా ఉంది. బెంజ్ సర్కిల్లో పట్టుబడ్డాక మా దగ్గరికి వచ్చి "అన్నా, రేసర్ అని ఒక లెటర్ ఇస్తావా" అని అడిగినవాళ్లున్నారు. రేసు లైసెన్స్ మన దేశంలో మోటారు రేసుల్ని చూసే సంస్థ ఎఫ్ఎంఎస్‌సీఐ ఇస్తుంది, షెడ్డు మెకానిక్ ఇవ్వడు.

పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కోసేసి, సైలెన్సర్ లోపల ఖాళీ చేసి ఇమ్మని అడిగే రోడ్డు బండ్లకి మా షెడ్డులో ఆ పని చెయ్యం. పవర్ పెరగదు, గోలా పొగా పెరుగుతాయి, చలానా వస్తుంది. పక్క సందులో చేస్తారని నాకూ తెలుసు. నిజంగా వేగం కావాలనుకునేవాడు ఆ డబ్బు పెట్టి ఒకసారి చెన్నైలో ట్రాక్ డేకి, అంటే సొంత బండిని ట్రాకు మీద నడిపే రోజుకి రావచ్చు. మా లారీలో చోటుంటే బండి ఎక్కిస్తాం, డీజిల్ వాటా ఇస్తే చాలు.