క్యాన్సర్ కబురు గడప దాకా: ఆశాల శిక్షణ వెనుక కథ

గుంటూరు, విజయవాడ బస్తీల్లో ఇంటింటికీ వెళ్లి క్యాన్సర్ గురించి చెప్పే పని ఇవాళ ఎక్కువగా ఆశాలదీ, ఏఎన్‌ఎంలదీ. 1975-76లో జాతీయ క్యాన్సర్ నియంత్రణ కార్యక్రమం మొదలైనప్పుడు ఆశాలు లేనే లేరు. డబ్బు ప్రధానంగా పెద్దాసుపత్రుల పరికరాలకే వెళ్లింది.

డాక్టరు కానివాళ్లకు ఈ పని అప్పగించవచ్చని నమ్మకం కుదిరింది బయటి అనుభవంతో. తిరువనంతపురం ప్రాంతంలో శిక్షణ పొందిన కార్యకర్తలు ఇళ్లకెళ్లి నోరు పరీక్షించారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గినట్టు 2005లో తేలింది. ముంబైలో టాటా మెమోరియల్ అధ్యయనంలోనూ మామూలు చదువున్న మహిళలే గర్భాశయ ముఖద్వార పరీక్ష చేశారు, ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి.

ఆశాలు వచ్చింది 2005లో, తల్లీబిడ్డల కోసం. ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ద్వారా ఇచ్చే ధ్రువపత్రం కూడా మొదట ఆ పాఠాల చుట్టూనే అల్లుకుంది. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం అనే మూడు క్యాన్సర్లకు 30 నుంచి 65 ఏళ్లవాళ్లను అయిదేళ్లకోసారి పరీక్షించాలన్న మార్గదర్శకాలు 2016లో వచ్చాయి. పాత బరువు మీద ఇది కొత్త బరువు.

పొరపాట్లు జరిగేది సీబాక్ ఫారం దగ్గర, అంటే జబ్బు ముప్పును అంచనా వేయడానికి ఆశా నింపే పత్రం దగ్గర. వయసు, పొగాకు, నడుం కొలత వంటివాటికి మార్కులేసి, 4 దాటితే ముందుగా పరీక్షకు పంపాలి. కానీ రెండో భాగంలో లక్షణాలుంటాయి: రొమ్ములో గడ్డ, మానని నోటిపుండు, ముట్లుడిగాక రక్తస్రావం. వీటిలో ఒక్కటున్నా మార్కులతో పనిలేదు, వెంటనే పంపాల్సిందే. మార్కు 2 వచ్చిందని గడ్డ ఉన్నామెను వదిలేస్తే ఫారం నింపినా ఫలితం సున్నా.

మన దగ్గర అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి: 'కారం తింటే నోరు మండుతోందా?' గుంటూరు కారానికి అలవాటుపడ్డ మనిషి ఉన్నట్టుండి చప్పిడి కూడు తింటున్నాడంటే, గుట్కా, వక్కపొడి అలవాటుందేమో చూడాలి. తన మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే, అది క్యాన్సర్‌కు ముందు దశ కావచ్చు. దీన్ని స్లైడు మీద చూపితే చాలదు, ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి చేయించాలి.

రాతపరీక్షలో లక్షణాలు అప్పజెప్పినవాళ్లు కూడా, 'నాకేం లేదు, పోమ్మా' అన్నామెతో మాట కలపలేక వెనుదిరుగుతారు. ధ్రువపత్రం ఇచ్చేముందు ఆ సంభాషణనే నటింపజేసి చూడాలి. చీటీ రాసిచ్చినవాళ్లలో ఎందరు పీహెచ్‌సీ దాటి గుంటూరు జీజీహెచ్‌కు నిజంగా వెళ్లారో రిజిస్టరులో రాయించి, ఆ పేజీకీ మార్కులు వేయాలి.